రేడియేషన్ తప్పదని తెలిసీ అదే రోజు రొమ్ము పునర్నిర్మాణం: ఒక కేసు, మేం ఆలోచించిన తీరు

పేషెంట్‌కి 43 ఏళ్ళు. ఖమ్మం వైపు ఒక టౌన్లో జాకెట్లు కుట్టే షాపు నడుపుతుంది. ఇద్దరు ఆడపిల్లలు, రెండూ సిజేరియన్లే, రెండో కాన్పులోనే ట్యూబెక్టమీ కూడా అయిపోయింది. షుగర్ లేదు కానీ మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, బోర్డర్లో ఉంది. పొగాకు అలవాటు లేదు. ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలి నాలుగు నెలలైనా, నొప్పి లేదు కదా అని ఆగి, ఆగి సెప్టెంబర్లో వచ్చింది. ఈ "నొప్పి లేదు కదా" అన్న మాట ఓపీలో వినని వారం ఉండదు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు, ఎన్నిసార్లు చెప్పినా ఇంకోసారి చెప్పాల్సిన సంగతి ఇది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మామోగ్రామ్‌లో పైన బయటి వైపు 2.4 సెంటీమీటర్ల గడ్డ, కింద లోపలి వైపు ఇంకొకటి 1.3, రెండింటి మధ్యా సన్నటి కాల్షియం చుక్కలు ఏడెనిమిది సెంటీమీటర్ల మేర పరుచుకుని చనుమొన కిందిదాకా వచ్చేశాయి. రెండు గడ్డలకీ సూదితో ముక్క తీసి పరీక్షించే కోర్ బయాప్సీ చేశాం. ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా (పాలనాళాల్లో మొదలై బయటికి పాకే క్యాన్సర్), గ్రేడ్ 2, ఈఆర్, పీఆర్ పాజిటివ్, అంటే హార్మోన్లతో పెరిగే రకం, హెర్2 అనే ప్రోటీన్ నెగెటివ్. చంకలో అల్ట్రాసౌండ్‌కి అనుమానించాల్సిన లింఫ్ గ్రంథులేవీ కనపడలేదు.

రొమ్ము ఉంచి గడ్డ వరకే తీయడానికి ఇక్కడ వీల్లేదు. మామూలుగా అయితే నేను ముందు దాని కోసమే చూస్తాను, ఎందుకంటే గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా బతికే కాలంలో తేడా లేదని అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరొనేసి వేర్వేరుగా చేసిన ట్రయల్స్ 20 ఏళ్ళ ఫలితాలతో 2002లోనే తేల్చేశాయి. కానీ ఈవిడకి జబ్బు రెండు మూలల్లో ఉంది, మధ్యలో చుక్కలు. అంతా తీస్తే మిగిలేది రొమ్ము అనిపించుకోదు. ముందు కీమో ఇచ్చి గడ్డ చిన్నది చేద్దామన్నా ఆ కాల్షియం చుక్కలు కరిగిపోయేవి కావు, పైగా ఈ రకం జబ్బు కీమోకి అంతగా కరగదు కూడా. కాబట్టి మాస్టెక్టమీ, అంటే రొమ్ము మొత్తం తీయడం ఖాయం, చనుమొన కూడా పోతుంది. పైచర్మం మాత్రం చాలా వరకు ఉంచవచ్చు.

ఆ మాట చెప్పిన రోజే, అదే కూర్చున్నప్పుడే, పునర్నిర్మాణం సంగతి కూడా ఎత్తాను. కొందరు డాక్టర్లు "ముందు క్యాన్సర్ సంగతి చూద్దాం, అవన్నీ తర్వాత" అంటారు. నాకు అది నచ్చదు. అమెరికాలో 1998 నుంచి మాస్టెక్టమీకి డబ్బిచ్చే ఇన్సూరెన్స్ పునర్నిర్మాణానికి కూడా ఇవ్వాలని చట్టమే ఉంది, బ్రిటన్ గైడ్‌లైన్స్ కూడా మాస్టెక్టమీ చెప్పిన ప్రతి మనిషితోనూ దీని గురించి మాట్లాడమంటాయి. మన దగ్గర చాలామందికి ఇలాంటిది ఒకటుందని ఆపరేషన్ అయిపోయిన ఏడాదికి ఎవరో చెప్తే తెలుస్తుంది. ముందే మాట్లాడాలని నేననేది అందరికీ చేసేయాలని కాదు. చర్మం ఎంత ఉంచాలి, కోత ఎక్కడ పెట్టాలి అన్నది మొదటి ఆపరేషన్లోనే తేలిపోతుంది, ఒకసారి కోసి పారేసిన చర్మం మళ్ళీ రాదు. తర్వాత ఎప్పుడో చేయించుకుంటానన్నా సరే, ఆలోచన మాత్రం ముందే జరగాలి.

ఇంట్లోవాళ్ళ సంగతి. భర్త విత్తనాల కంపెనీలో ఉద్యోగి, తక్కువ మాట్లాడే మనిషి, "మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి మేడం" అన్నాడు. వెంట వచ్చిన పెద్ద ఆడపడుచు మాత్రం సూటిగానే అడిగింది: "ప్రాణం దక్కితే చాలు కదా మేడం, పెళ్ళీడు పిల్లలున్న ఇంట్లో ఆ పైవన్నీ ఎందుకు? మళ్ళీ అక్కడే వస్తే కనపడకుండా పోదా?" ఆ రెండో ప్రశ్న మంచి ప్రశ్న, దానికి జవాబుంది. అదే రోజు రొమ్ము కట్టడం వల్ల క్యాన్సర్ తిరిగి వచ్చే అవకాశం పెరగదు, వస్తే పట్టుకోవడం కూడా ఆలస్యం కాదు, ఎందుకంటే తిరిగి వచ్చేది ఎక్కువగా చర్మంలో, చర్మం కింద, చేతికి తగిలేచోటే. మొదటి ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు, పేషెంట్ వైపు చూశాను.

ఆవిడ చెప్పింది విని నాకు కొంచెం ఆశ్చర్యమే వేసింది. రొమ్ము తీసేసిన ఆడవాళ్ళకి ఒకవైపు లోపల జేబు పెట్టి జాకెట్లు కుట్టిందట ఇంతకుముందే. ఒక కస్టమర్ రుమాళ్ళు మడిచి పెట్టుకునేదట, చెమటకి తడిసి బరువెక్కి జారేవి. ఒకవైపు బరువు లేకపోతే జాకెట్టు ఆ వైపు పైకి లేస్తుంది, మెడ ఇంకో వైపుకి లాగుతుంది, భుజం జారుతుంది, ఎన్ని డాట్లు సర్దినా చంక దగ్గర ముడతలు పోవు అని చేత్తో తన జాకెట్టు మీదే చూపించి మరీ చెప్పింది. "అందం సంగతి కాదు మేడం. నేను రోజంతా వంగి కస్టమర్లకి కొలతలు తీస్తాను, పిన్నులు పెడతాను. ప్యాడ్ జారుతుందేమోనని ఒక చేయి ఎప్పుడూ గుండెల మీదే పెట్టుకుని పని చేయలేను." సిలికాన్ ప్రోస్థెసిస్, జేబున్న బ్రా బాగానే పనిచేస్తాయి, చాలామంది వాటితో హాయిగా ఉంటారు, ఏమీ పెట్టుకోకుండా చదునుగా ఉండటం కూడా నూటికి నూరుపాళ్ళు సరైన నిర్ణయమే అని చెప్పాను. అన్నీ విన్నది. తనకి మాత్రం వద్దంది.

అప్పటికి మాకు తెలియని పెద్ద విషయం రేడియేషన్. ఈ నిర్ణయంలో సగానికి పైగా బరువు దాని మీదే ఉంటుంది. రేడియేషన్ ఉండదని తెలిస్తే దారులన్నీ తెరిచే ఉంటాయి. ఉంటుందంటే లెక్క మారుతుంది, చర్మం లోపల ఇంప్లాంట్, అంటే సిలికాన్ సంచి పెట్టినవాళ్ళలో మరీను. అది తేల్చేది చంకలో గ్రంథులు. అందుకని మాస్టెక్టమీ రోజు దాకా ఆగకుండా సెంటినల్ నోడ్ బయాప్సీ (క్యాన్సర్ పాకితే ముందుగా చేరే గ్రంథుల్ని తీసి పరీక్షించడం) ఒక్కటీ ముందు విడిగా చేశాం, చిన్న ఆపరేషన్, మర్నాడు ఇంటికి. అదనంగా ఒక మత్తు, కొంత ఖర్చు నిజమే. ఫలితం చేతిలో పెట్టుకుని పెద్ద ఆపరేషన్ ప్లాన్ చేసుకోవచ్చు. అందరికీ ఇలా చేయను, పునర్నిర్మాణం మీద నిజంగా ఆసక్తి ఉండి, గ్రంథుల సంగతి సందేహంగా ఉన్నవాళ్ళకే.

మూడు గ్రంథుల్లో ఒకదాంట్లో 5 మిల్లీమీటర్ల క్యాన్సర్ ఉంది.

ఇక్కడే కేసు చిక్కుపడింది. గ్రంథిలో జబ్బుంటే ఒకప్పుడు చంక మొత్తం శుభ్రం చేసేవాళ్ళం. ఇప్పుడు ఒకటి రెండు గ్రంథుల్లోనే ఉంటే ఆ పెద్ద ఆపరేషన్ మానేసి చంకకి రేడియేషన్ ఇవ్వవచ్చు. యూరప్‌లో జరిగిన అమరోస్ ట్రయల్‌లో చంక కోసినవాళ్ళలో అయిదేళ్ళకి చేయి వాపు 23 శాతం మందిలో ఉంటే రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో 11 శాతం, క్యాన్సర్ అదుపు మాత్రం రెండింట్లోనూ బాగానే ఉంది. 2024లో వచ్చిన సెనోమాక్ ట్రయల్ మాస్టెక్టమీ అయినవాళ్ళని కూడా కలుపుకుని ఇంచుమించు అదే దారి చూపింది. ఈవిడ ఎడమ చేతితో మిషన్ మీద గుడ్డ నడుపుతుంది. ఎడమ చేయి వాచి బరువెక్కితే షాపు మూసుకోవాల్సిందే. అంటే చేయి కాపాడాలంటే రేడియేషన్ ఒప్పుకోవాలి, రేడియేషన్ ఒప్పుకుంటే కొత్త రొమ్ము మీద దాని దెబ్బ పడుతుంది. 43 ఏళ్ళ వయసు, గ్రంథిలో జబ్బు, రెండు మూలల్లో గడ్డలు చూసి రేడియేషన్ ఎలాగూ కావాలనే మా రేడియేషన్ ఆంకాలజిస్ట్ కూడా మొగ్గాడు. చంక సంగతిలో ట్యూమర్ బోర్డులో, అంటే అన్ని విభాగాల డాక్టర్లు కలిసి కూర్చునే మీటింగ్‌లో పెద్ద వాదన జరగలేదు: కోయొద్దు, రేడియేషన్ ఇద్దాం.

వాదన జరిగింది రొమ్ము సంగతిలో. ఇంప్లాంట్, లేదా ముందు ఎక్స్‌పాండర్ (చర్మాన్ని మెల్లగా సాగదీసే సంచి) పెట్టి తర్వాత మార్చడం తేలికైన ఆపరేషన్, రెండు మూడు గంటల్లో అయిపోతుంది, ఒంట్లో ఇంకోచోట కోత ఉండదు. కానీ రేడియేషన్ పడితే చుట్టూ పొర బిగుసుకుపోయి రాయిలా గట్టిపడటం, చర్మం పలచబడి ఇంప్లాంట్ బయటపడటం, తీసేయాల్సి రావడం అన్నీ పెరుగుతాయి. అమెరికా, కెనడా సెంటర్లు కలిసి చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. రేడియేషన్ పడినవాళ్ళలో రెండేళ్ళలో రొమ్ముకి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చినవాళ్ళు ఇంప్లాంట్ వైపు 39 శాతం దాకా ఉంటే, సొంత కొవ్వుతో, కండతో కట్టించుకున్నవాళ్ళలో 26 శాతం దాకా ఉన్నారు. ఇంప్లాంట్ నేను ఈవిడకి వద్దనే చెప్పాను, గట్టిగానే చెప్పాను. వీపు కండరం తెచ్చి పెట్టే లాటిసిమస్ డోర్సై మంచి ఆపరేషనే, నమ్మకమైనది, కానీ భుజం బలంలో కొంత పోతుంది, పైగా ఈవిడ సైజుకి అది ఒక్కటే చాలదు, కింద మళ్ళీ ఇంప్లాంట్ కావాలి. చేయి కోసం చంక వదిలేసి, భుజం కోసేస్తే ఏం లాభం?

ఇక మిగిలింది పొట్ట. డీఐఈపీ అంటాం, బొడ్డు కింది చర్మాన్నీ కొవ్వునీ వాటికి రక్తం తెచ్చే సన్నటి నాళాలతో సహా తీసి, పొట్ట కండరాన్ని అక్కడే ఉంచేసి, ఆ నాళాల్ని పక్కటెముకల దగ్గరున్న ఇంటర్నల్ మామరీ నాళాలకి మైక్రోస్కోప్ కింద అతకడం. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలు, వెంట్రుక కంటే సన్నటి దారం. అనుభవం ఉన్న చోట కూడా వందలో ఒకటి రెండు ఫ్లాపులు (ఇలా తెచ్చి అతికిన చర్మం, కొవ్వు) పూర్తిగా పోతాయి, ఇది మేం దాచం. సిజేరియన్ అడ్డకోత దీనికి సాధారణంగా అడ్డు కాదు, సీటీ యాంజియోలో కుడివైపు రెండు మంచి నాళాలు కనిపించాయి. నిలువు కోత అయితే వేరే కథ. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే, వాళ్ళలో కొందరికి పొట్ట మీద నిలువు కుట్లు ఉంటాయి, అప్పుడు సగం పొట్టే వాడుకోగలం.

ఇంకో మాట. పొట్ట ఒక్కసారే పనికొస్తుంది. ఇవాళ ఒక రొమ్ముకి వాడేశాక రేపు బీఆర్‌సీఏ (వంశంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు తెచ్చే జీన్ లోపం) పాజిటివ్ అని తేలి రెండోదీ తీయాల్సి వస్తే మళ్ళీ పొట్ట దగ్గరికి వెళ్ళలేం. అందుకే జీన్ టెస్ట్ రిపోర్టు వచ్చేదాకా తేదీ ఖాయం చేయలేదు. నెగెటివ్ వచ్చింది.

గ్రంథిలో జబ్బుంది కాబట్టి ఆపరేషన్ తర్వాత కీమో కూడా ఉంటుంది. ఇప్పుడు అసలు ప్రశ్న. డీఐఈపీ అదే రోజు చేయాలా, మాస్టెక్టమీ, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక ఆరు నెలలో ఏడాదో ఆగి చేయాలా? మా ప్లాస్టిక్ సర్జన్ తర్వాతే మంచిదన్నాడు. మంచి ఫ్లాప్‌ని తీసుకెళ్ళి రేడియేషన్ కింద పెట్టడం ఆయనకి ఇష్టం లేదు, కొంత కుంచించుకుపోతుంది, కొవ్వు అక్కడక్కడ గట్టిపడుతుంది, సైజు తగ్గాక సరిచేయడానికి మళ్ళీ పొట్ట ఉండదు. ఇంకో భయం నాది. కొత్త గాయం ఏదైనా మానకపోతే కీమో ఆలస్యమవుతుంది. ఆపరేషన్ నుంచి 90 రోజులు దాటి కీమో మొదలైతే బతికే అవకాశాలకే నష్టమని అమెరికాలో పెద్ద డేటా ఉంది, నేనైతే ఆరేడు వారాల లోపే మొదలవ్వాలని చూస్తాను. ఇంకోవైపు, తర్వాత చేస్తే రేడియేషన్ పడిన బిగుసు చర్మం సాగదు, పొట్ట చర్మమే పెద్ద అతుకుగా బయటికి కనపడుతుంది, అదే రోజు చేస్తే తన చర్మమే పైన ఉంటుంది, అతుకు చనుమొన ఉన్న చోటు వరకే.

ఇదంతా బొమ్మలు గీసి ఆవిడ ముందు పెట్టాం. రేడియేషన్ పడిన ఫ్లాపుల ఫోటోలు, బాగున్నవీ బాగోనివీ రెండూ చూపించాం. బాగున్నవి మాత్రమే చూపించడం మోసం కిందే లెక్క. రెండు వారాలు తీసుకుంది. వచ్చి చెప్పిన మాట: "కుట్టింది కాస్త బిగుసుకుంటే సర్దుకోవచ్చు మేడం, గుడ్డే లేకపోతే ఏం కుడతాం? చర్మం ఉండగానే చేయండి. ఏడాది తర్వాత మళ్ళీ షాపు మూసి రాలేను. పెద్దమ్మాయి ఇంటర్, అప్పుడు అసలే కుదరదు." రేడియేషన్ తర్వాత ఎడమది చిన్నదవుతుందని, గట్టిపడవచ్చని, పైచర్మానికి స్పర్శ ఉండదని ఆవిడ నోటితోనే తిరిగి చెప్పించుకున్నాం. నేనైతే ఆమె స్థానంలో తర్వాత చేయించుకునేదాన్నేమో. అయినా ఇది తెలిసి తీసుకున్న నిర్ణయం, క్యాన్సర్ వైద్యానికి అడ్డం రానంత వరకు నా ఇష్టం ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ అడ్డం రాకుండా ఒక షరతు మాత్రం పెట్టాం: గాయం మానక ఇబ్బంది వస్తే ఫ్లాప్ బాగుచేసే పనులన్నీ పక్కన పెట్టి, గాయం మూసేసి కీమోకి వెళ్ళడమే. ఒప్పుకుంది.

డబ్బు దగ్గర ఇంకో ముడి. అయిదు లక్షల ఫ్యామిలీ పాలసీ. ప్రీ-ఆథరైజేషన్‌లో మాస్టెక్టమీ ఒప్పుకుని, పునర్నిర్మాణం కాస్మెటిక్ అని కొట్టేశారు. ఇది నాకు తరచూ ఎదురయ్యేదే, టెన్షన్ పడాల్సిన పనిలేదు. పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్లు ఉన్న చోట కోడ్ Excl08 అని వెతకండి. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలు కవర్ కావు, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం అయితే తప్ప అని అక్కడే రాసి ఉంటుంది. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన స్టాండర్డ్ వాక్యం అది. ఆ పేజీ ఫోటో తీసి, ట్యూమర్ బోర్డు లెటర్ జతచేసి మళ్ళీ పంపితే ఒప్పుకున్నారు. కానీ అదే అయిదు లక్షల్లోంచి కీమో, రేడియేషన్ కూడా రావాలి కదా. ఫిబ్రవరిలో రెన్యువల్ ఉండటం కలిసొచ్చింది, కీమో సగం, రేడియేషన్ మొత్తం కొత్త ఏడాదిలోకి వెళ్ళాయి. ఈ లెక్క ఆపరేషన్‌కి ముందే వేసుకోవాలి, తర్వాత వేస్తే కీమోకి అప్పు చేయాల్సి వస్తుంది.

అక్టోబర్ చివర్లో ఆపరేషన్. రెండు టీములు ఒకేసారి, నేను పైన, వాళ్ళు పొట్ట దగ్గర, తొమ్మిది గంటలు పట్టింది. మొదటి రోజంతా గంట గంటకీ ఫ్లాప్ రంగు, వెచ్చదనం, వేలితో నొక్కి వదిలితే రక్తం ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చూడటం, డాప్లర్ పెట్టి రక్తం పారే శబ్దం వినడం. గది వెచ్చగా ఉండాలి కాబట్టి ఏసీ ఆపేస్తాం, వాళ్ళాయన పాపం ఎక్స్‌రే కవర్‌తో విసురుకుంటూ కూర్చున్నాడు. నీలంగా మారినా, మరీ పాలిపోయినా అర్ధరాత్రి అయినా సరే థియేటర్‌కి పరుగే. ఈవిడకి ఆ అవసరం పడలేదు. గాయంలోంచి కారే నీరు రోజుకి 30 మిల్లీలీటర్ల లోపుకి వచ్చాక దాన్ని బయటికి తెచ్చే గొట్టాలు (డ్రెయిన్లు) తీశాం. ఫైనల్ రిపోర్టులో పెద్ద గడ్డ 2.6 సెంటీమీటర్లు, అంచులన్నీ క్లియర్.

రెండో వారంలో మేం భయపడింది కొంచెం జరిగింది. ఫ్లాప్ బాగానే ఉంది, మాస్టెక్టమీ చర్మం అంచున నాలుగు సెంటీమీటర్ల పట్టీ నల్లబడింది. మామూలుగా అయితే డ్రెస్సింగులు చేస్తూ తనంతట తాను మానేదాకా ఆగుతాం, ఆకారం బాగా వస్తుంది. ముందు ఒప్పుకున్న ప్రకారం ఆగలేదు, నల్లబడింది కోసేసి కుట్టేశాం. అక్కడ మచ్చ కాస్త లాగినట్టుంటుంది ఇప్పటికీ. కీమో ఏడో వారంలో మొదలైంది. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్లకి షుగర్ పెరిగింది, మెట్‌ఫార్మిన్ పెట్టాల్సి వచ్చింది. జూన్, జులైలో ఛాతీకీ చంకకీ రేడియేషన్, 15 సిట్టింగుల్లో 40 గ్రే, ఎడమవైపు కాబట్టి ఊపిరి బిగబట్టి గుండెని పక్కకి తప్పించే పద్ధతిలో. తర్వాత హార్మోన్‌ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రలు.

ఏడాది దాటాక చూస్తే ఎడమది కుడిదాని కంటే చిన్నది, కాస్త పైకి ఉంది, పట్టుకుంటే గట్టి. కుడిది తగ్గించి సమానం చేద్దామా, లేకపోతే తొడ దగ్గర కొవ్వు తీసి ఎడమవైపు నింపుదామా అని అడిగాం. రెండూ వద్దంది. తన జాకెట్టుకి రెండు వైపులా వేర్వేరు పేపర్ కటింగ్ చేసుకుందట, ఎడమ డాట్ లోతు అర అంగుళం తక్కువ. చేయి వాపు లేదు, మణికట్టు పైనా మోచేయి పైనా టేపుతో తనే కొలిచి పుస్తకంలో రాసుకుంటుంది. పొట్ట బిగుతుగా ఉందని, కింద కూర్చుని లేవడానికి మొదటి మూడు నెలలు కష్టమైందని చెప్పింది. స్పర్శ లేని సంగతి మాత్రం అనుకున్న దాని కంటే ఎక్కువే ఇబ్బంది పెట్టింది. ఇస్త్రీపెట్టె పక్కన వంగినప్పుడు వేడి తెలియక చిన్న బొబ్బ వచ్చింది, తగ్గిపోయింది, ఇప్పుడు ఇస్త్రీ బల్ల కుడివైపుకి మార్చుకుంది. వేడినీళ్ళ బ్యాగు ఆ వైపు పెట్టొద్దని అందరికీ చెప్తాం, ఇస్త్రీపెట్టె కూడా ఇప్పుడు ఆ మాటల్లో చేర్చాను.

డిసెంబర్లో ఫ్లాప్ పైభాగంలో బఠాణీ గింజంత గట్టి గడ్డ తగిలిందని ఫోన్ చేసింది, గొంతు వణుకుతోంది. ఇది ముందే చెప్పి ఉన్నదే, రక్తం సరిగా అందని కొవ్వు చచ్చి గట్టిపడితే ఇలాగే తగులుతుంది. అలాగని చేత్తో చూసి అదేలే అని పంపేయకూడదు. అల్ట్రాసౌండ్, కోర్ బయాప్సీ రెండూ చేశాం. ఫ్యాట్ నెక్రోసిసే. ఎడమవైపు మామూలుగా మామోగ్రామ్ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి మేం చేత్తో చూస్తాం, కొత్తగా ఏది తగిలినా స్కాన్. కుడివైపు మామోగ్రామ్ ఏటా తీస్తున్నాం. టామోక్సిఫెన్ నడుస్తోంది.